నుదుటి మీది గాగుల్స్

కొత్త గాగుల్స్ డబ్బా తెరిస్తే ఘాటైన రబ్బరు వాసన వస్తుంది. ఆ వాసన తగిలినప్పుడల్లా నాలో పాత అనుమానం ఒకటి లేచి కూర్చుంటుంది: ఆ రోజు యాదగిరి సార్ నన్ను కావాలనే ఓడించారా?

తొంభైల చివర, మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. మూసాపేట దగ్గరి ఐటీఐలో నేను ఫిట్టర్ విద్యార్థిని. ఇనుమును అరగదీసే ఆకురాయి పట్టుకోవడం దగ్గర్నుంచి నాకు పని నేర్పింది సారే. మాదాపూర్‌లో ఒక కంపెనీవాళ్లు విద్యార్థులకు ఫిట్టర్ పనిలో పోటీ పెట్టారు. గెలిస్తే అప్రెంటిస్‌గా చేర్చుకుంటారు. మా ఇంటిల్లిపాదీ దాని మీదే ఆశ పెట్టుకున్నారు. న్యాయనిర్ణేతల్లో సార్ కూడా ఒకరు.

గాగుల్స్ లేకుండా బల్ల దగ్గరికి రాకూడదని నిబంధన. కళ్లజోడు ఉన్నా సరే, దాని మీద పెట్టుకోవాల్సిందే. వాళ్లిచ్చినవి నా సోడాబుడ్డి అద్దాల మీద సరిగా కూర్చోలేదు. ప్రైవేటు కాలేజీ పిల్లలు మాత్రం సొంతవి తెచ్చుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

"మనసొంటోళ్లను ఎల్లగొట్టనీకే పెట్టిన్రు సార్ గీ రూలు," అన్నాను.

"పెట్టిన్రేమో. కని ఇనుప రజనుకు నువ్వెవరో ఎర్కుండదు బిడ్డా. ఎవల కంట్లనైన పడ్తది," అన్నారు సార్.

ఎలాగో బిగించుకుని మొదలుపెట్టాను. చెమటకు అద్దాలు మసకబారాయి. చివరి కొలత కనిపించక, ఒక్క క్షణం గాగుల్స్ నుదుటి మీదికి నెట్టాను. పక్క బల్ల మీద గ్రైండర్ తిరుగుతోంది. సార్ వచ్చి నా చేతిలోని ఆకురాయి తీసుకున్నారు.

"ఇగ చాలు. బయటికి నడు."

వారం రోజులు ఆయనకు నమస్కారం పెట్టలేదు. కంపెనీవాళ్లు ఆయనకేదో ఆశ చూపి ఉంటారని కనిపించినవాళ్లందరితో అన్నాను. ఆ మాట ఆయన చెవిన పడింది.

"నేను అమ్ముడువోయిన్నని అన్నవట?" అని పిలిచి అడిగారు.

నేను తల దించలేదు. "మరెందుకు తీసేసిన్రు? అవి నాకు సరిపోవని మీకెర్కే గద."

"ఎర్కే. పెద్దయి తెప్పియ్యకుంటె అన్యాయమైతదని పొద్దుగాల వాళ్లతోని కొట్లాడిన. ఇనలే. నేను ఓడిపోయిన్నని నీ కన్ను పోగొట్టమంటవా?"

సగమే నమ్మాను. ఆయన కొట్లాడటం చూశామన్నవాళ్లు నాకెవరూ దొరకలేదు. మళ్లీ అడుగుదామంటే ఇప్పుడు ఆయనా లేరు. ఆ సగం అనుమానం నాతోనే ఉండిపోయింది.

ఇలాంటి పోటీలకు ఇప్పుడు నేనే న్యాయనిర్ణేతగా వెళ్తున్నాను. కళ్లజోడు మీద సరిపోయే పెద్ద గాగుల్స్ సంచిలో వేసుకెళ్లి, కావలసిన పిల్లలకు ముందే ఇస్తాను. పోయిన నెల మియాపూర్‌లో ఒకమ్మాయి ఉక్కపోత భరించలేక వాటిని నుదుటి మీదికి నెట్టింది. చకచకా వెళ్లి ఆకురాయి తీసేసుకున్నాను.

"నన్ను తీసెయ్యమని మీకెవరు చెప్పిన్రు మేడమ్?" అని ఆ అమ్మాయి నన్ను అనుమానంగా చూసింది.

రెండు కళ్లతోనూ చూసింది.