ముదిగుబ్బ దగ్గర ముగిసిన నాట్యం

అవా సెనెగల్ నర్తకి. ఆమె మాటలు తెలుగులో చెప్పడానికి కాకినాడ నుంచి నేను వెళ్లాను. తమ దేశంలో నోరెత్తి చెప్పలేని విషయాలను ఇలా నాట్యంగా ఆడి చూపిస్తామని దారిలో చెప్పింది.

ముదిగుబ్బ దగ్గర ఒక పల్లె. వేరుశనగ కళ్లంలో ప్రదర్శన. నీళ్లకోసం తిరిగి, ప్రతిచోటా గెంటేయించుకున్న మనిషి కథ. చివర్లో ఆ మనిషి నేలకొరిగి, లేచి, చేతుల్లో గిన్నె ఉన్నట్టే ఎదుటివాళ్లకు అందిస్తుంది.

అవా నేలకొరగగానే పెద్దింటి లక్ష్మమ్మ నీళ్లచెంబుతో పరుగెత్తుకొచ్చింది. నాకు చిరాకేసింది. అది నటన అన్నాను.

"నటనైతే మాత్రం గొంతు ఎండదా ఏమప్పా?" అందామె.

అవా లేచి, చెంబు పెదవులకు ఆనించి సగం తాగింది. తర్వాత నాట్యంలోలాగే రెండు చేతులతో ఎదురుగా ఉన్న గంగమ్మకు అందించింది. గంగమ్మ కూలికి పోయే మనిషి. పెద్దిళ్లలో ఆమె కులంవాళ్లకు నీళ్లు పైనుంచి దోసిట్లో పోస్తారు, చెంబు ముట్టనివ్వరు. అవాకు ఆ సంగతి తెలియదు. అలవాటుగా గంగమ్మ దోసిలి పట్టింది. అవా ఆ దోసిట్లో చెంబే పెట్టేసింది.

గంగమ్మ బెదురుగా లక్ష్మమ్మ వైపు చూసింది.

లక్ష్మమ్మ చెంబు వైపూ గంగమ్మ వైపూ చూసింది. "నన్నేం చూస్తాండావు? తాగు" అంది చివరికి.

తాగాక గంగమ్మ చెంబును నేలమీద పెట్టబోయింది.

"కింద యాల పెడతావమ్మే" అంటూ లక్ష్మమ్మ చెంబు కోసం చెయ్యి చాపింది.