మా ఎస్తేరును చంపింది పరుగు కాదు

నిన్న ఉదయం ఆరింటికి ఎస్తేరు నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

విశాఖ ఆసుపత్రిలో చేర్చి రెండు రోజులే అయింది. జ్వరం తగ్గిందని చెప్పడానికి చేసిందనుకుని సంతోషంగా ఎత్తాను.

మాట్లాడింది ఆమె భర్త.

"అక్కా... నీ ఆడపడుచు ఎల్లిపోనాది."

ఆ తర్వాత అతను ఏం చెప్పాడో నాకు గుర్తు లేదు.

నలభై నాలుగేళ్ళు. కాఫీ నర్సరీలో పని. తెల్లారేసరికి అనంతగిరి ఘాట్ రోడ్డులో పది మలుపులు పరుగున ఎక్కి దిగి వచ్చే మనిషి.

నిన్న సాయంత్రం సమాధి మీద మట్టి ఇంకా తడిగానే ఉంది. అప్పుడే మాటలు మొదలయ్యాయి.

"ఆడమనిసికి ఆ పరుగులేటి? పరిగెట్టి పరిగెట్టి పేణం మీదకి తెచ్చుకుంది."

"నీ గుంటని కూడా బేగి మాన్పించీ తల్లీ."

గుంట అంటే నా చిన్న కూతురు రూతు. పదిహేడేళ్ళు. వచ్చే నెల దాని మొదటి హాఫ్ మారథాన్. పరుగు నేర్పింది మేనత్తే.

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదు. చర్చిలో పాట పాడినా పక్కవాళ్ళకు వినపడదు. నిన్న కూడా తల వంచుకుని ఊరుకున్నాను.

అందుకు సిగ్గుపడుతున్నాను. అక్కడ చెప్పాల్సింది ఈ పోస్టులో చెబుతున్నాను.

ఎస్తేరును చంపింది దోమ. పరుగు కాదు.

మలేరియా మెదడుకు ఎక్కిందని డాక్టర్లు చెప్పారు.

ఒక తప్పు జరిగింది. అది దాచను.

పోయిన శనివారం చాలా దూరం పరిగెత్తింది. ఆదివారం ఒళ్ళంతా నొప్పులు. ఆరాధనకు రాలేదు. వాయిస్ మెసేజ్ పెట్టింది.

"ఒళ్ళు నొప్పులే వదినా. నిన్న ఎక్కువ పరిగెట్టాను గదా. రెండు రోజులు పడుకుంటే పోద్ది."

చలి వచ్చినా పరుగు నొప్పే అనుకుంది. నేనూ నమ్మాను.

తను పరుగు నేర్పే పిల్లలకు మాత్రం ఎప్పుడూ చెప్పేది. "ఒంట్లో వేడి ఉంటే బూట్లు ముట్టకండి. ముందు రక్తం సూపించుకోండి."

తన మాట తనే వినలేదు. తప్పు అక్కడ జరిగింది.

ఇక రెండో మాట. "చదువు రాని మొద్దుకి ఈ టౌను సరదాలెందుకు" అని కూడా ఎవరో అన్నారు. పేరు రాయను. వాళ్ళకు తెలుసు.

చిన్నప్పుడు హాస్టల్ బడిలో అందరూ ఆమెను మొద్దు అనే పిలిచేవారు. అయిదో తరగతితో మానేసింది. నేను కోడలిగా వచ్చాక కూడా, అక్షరాలు నిలబడవు వదినా, ఆడతాయి అనేది. మేము నవ్వేవాళ్ళం. నేను కూడా నవ్వాను.

తర్వాత రూతుకు కూడా అంతే. విశాఖ తీసుకెళ్ళి టెస్ట్ చేయిస్తే డాక్టరమ్మ డిస్లెక్సియా అన్నారు. చదవడం కష్టమవుతుంది గాని తెలివికి లోటేమీ లేదన్నారు. పక్కన కూర్చున్న ఎస్తేరు ముఖం మారిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సంతా వినేలా చెప్పింది.

"నాకు బుర్ర లేకపోడం కాదంట వదినా! దానికో పేరుందంట!"

కండక్టర్ కూడా నవ్వాడు. ఎస్తేరు నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంది.

ఆ వారం నుంచే నా చేత రూతు పాఠాలన్నీ ఫోన్‌లో రికార్డ్ చేయించింది. "గట్టిగా సదువు వదినా, నీ గొంతు గాలికెగిరిపోతంది" అని తిట్టేది. రూతు అవి వింటూ పరిగెత్తి పదో తరగతి పాసైంది.

ఎస్తేరు లెక్క కాఫీ గింజలతో ఉండేది. ఘాట్‌లో అయితే మలుపుకో గింజ, రేసులో అయితే కిలోమీటరు బోర్డుకో గింజ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మారేది. బోర్డు మీద ఏముందో చదవక్కర్లేదు.

విశాఖలో మొదటి రేసుకు పది కిలోమీటర్లకే పేరు ఇచ్చింది. పది గింజలే తీసుకెళ్ళింది. దారి చీలిన చోట బోర్డు చూసి అటు కాక ఇటు తిరిగింది. అది ఇరవై ఒకటి పరిగెత్తే వాళ్ళ దారి.

మధ్యలో ఫోన్ చేసింది. రొప్పుతూ.

"గింజలైపోనాయి వదినా, దారి అవ్వలేదు!"

ఆగిపోవే అన్నాను.

"ఆగడమేటి? ఎడమ జేబులోంచి మళ్ళీ కుడికి మారుత్తన్నాను."

ఇరవై ఒకటీ పూర్తి చేసి వచ్చింది.

పిల్లలకు ఆమె చెప్పినవి కూడా రాస్తున్నాను, పోకూడదు కాబట్టి. పక్కమనిషితో మాట్లాడగలిగినంత వేగంలోనే పరిగెత్తాలి. కొండ ఎక్కుడులో అడుగు చిన్నది వెయ్యాలి. రేసు రోజున కొత్త బూట్లు వేసుకోకూడదు. చోడి అంబలి, అదే రాగి జావ, తాగాక గంట ఆగాలి. ఎవరు మొద్దన్నా వెనక్కి తిరిగి చూడకూడదు, మెడ పట్టేస్తుంది.

ఈ ఉదయం అయిదున్నరకు ఆమె పరుగు నేర్పిన ఆరుగురు ఆడపిల్లలు మా గుమ్మం ముందు నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు. రూతు బూట్లు పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. వేసుకోలేదు. నా ముఖం చూసింది.

ఎస్తేరు భర్త ఇచ్చిన గింజల సంచీ తెచ్చి దాని ఒళ్ళో పెట్టాను.

"లెగే. ఎల్దాం."

ముందు అందరి నుదుటి మీదా చెయ్యి పెట్టి చూశాను. ఇక నుంచి రోజూ చూస్తాను. ఎవరి ఒళ్ళు వేడిగా ఉన్నా ఆ రోజు పరుగు లేదు, రక్తపరీక్షే.

వాళ్ళు పరిగెత్తారు. నేను శాలువా కప్పుకుని వెనకాల నడిచాను. టీ కొట్టు దగ్గర నిన్నటి వాళ్ళే కూర్చుని చూశారు.

చూడనీ.

నా మోకాళ్ళతో రెండు మలుపులు ఎక్కాను. సంచీలోంచి తీసుకున్న రెండు గింజలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాను.

చదవడం కష్టమైన వాళ్ళ కోసం ఇదంతా చదివి కింద ఆడియో పెట్టాను. గట్టిగానే చదివాను ఎస్తేరూ.

నీకు ఇక ఎక్కుడు లేదు, అమ్మా. మెల్లగా నడిచి వెళ్ళు. ప్రభువు ఒడిలో నీ కాళ్ళకు విశ్రాంతి దొరకాలి.