ముత్తక్కకు చెప్పాల్సిన మాట

ఆదాము ఆటో ఎక్కితే కిరాయితో పాటు ప్రసంగం కూడా భరించాలని పాల్వంచ అడ్డా మీద అందరికీ తెలుసు. నైట్ షిఫ్టు దిగి, రెప్పలు వాలిపోతూ, ఇంత తిని పడుకుంటే చాలనుకునే కరెంటు ఫ్యాక్టరీ పనివాళ్ళకైతే మరీ తెలుసు. "అన్నా, ఇయ్యాలకు ఇడిసిపెట్టు, రేపు ఇంట" అని బతిమాలేవాళ్ళు. రేపు అనే మాట వింటే ఆదాముకు ఒళ్ళు మండేది. "రేపు ఎవడు జూసిండు? ఇను" అని గేరు మార్చేవాడు. నడుస్తున్న ఆటోలోంచి దూకేవాడెవడు? యేసయ్య పుట్టుక దగ్గర మొదలైన కథ కాలనీ గేటు చేరేసరికి సిలువ దాకా వచ్చేది. దిగవలసినవాడు దిగిపోయినా, పునరుత్థానం మిగిలిపోయిందని ఆదాము తల బయటికి పెట్టి నాలుగు మాటలు అరిచిన రోజులూ ఉన్నాయి.

రేపు మీద అతనికి అంత కోపం ఊరికే పుట్టలేదు. మోతీలాల్ అని ఒక వెల్డింగు పనివాడు ఉండేవాడు. తండా మనిషి, నవ్వుముఖం. ఎక్కితే డ్రైవరు పక్కనే కూర్చునేవాడు, ఆదాముకు తంబాకు ఇవ్వబోయి నాలిక్కరుచుకునేవాడు. ఇతనికి ఒకసారి నిమ్మళంగా చెప్పాలి, అందరికీ చెప్పినట్టు కాదు, అనుకుంటూ ఆదాము రోజులు జరిపాడు. ఒక రోజు మోతీలాల్ రాలేదు. గుండెపోటుతో పోయాడని అడ్డా మీద ఎవరో అన్నారు. ఆ తర్వాత ఆదాముకు కుదురు పోయింది. అన్నం ముందు కూర్చుంటే మోతీలాల్, హ్యాండిలు పట్టుకుంటే పక్కన ఖాళీ సీటు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేవాడు.

"దేవునికి నువ్వొక్కనివే దొరికినవా ఈ పనికి?" అనేది భార్య ఫ్లోరెన్స్. ఆమె కూడా ఆదివారం తప్పకుండా గుడికి వెళ్ళే మనిషే, పాటలు కూడా బాగా పాడుతుంది. కానీ మిషను మీద బట్టలు కుట్టుకుంటూ, వచ్చినవాళ్ళ కష్టసుఖాలు వింటూ ఉంటుందే తప్ప ఎవరినీ కూర్చోబెట్టి చెప్పదు. "ముందు ఎదుటోళ్ళు చెప్పేది ఇను. నీకు చెవులు రెండిచ్చిండు, నోరొకటే ఇచ్చిండు."

"నేను చెప్పక ఎవడన్న పోతే ఆ లెక్క దేవుడు నన్నడుగుతడే" అనేవాడు ఆదాము. అది అతని భయం. ఎగతాళి చేయదగ్గ భయం కాదు. మనిషి మీద ప్రేమ లేనివాడికి ఆ భయం రాదు. కాకపోతే భయం ముందు కూర్చుని ప్రేమ వెనక సీట్లో కూర్చుంటే బండి ఎటు పోతుందో చెప్పలేం.

వాళ్ళ గుడిలో ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఒక ప్రశ్న అడుగుతారు. ఈ వారం ఎవరికైనా సువార్త చెప్పినవాళ్ళు చెయ్యెత్తండి అని. ఆదాము చెయ్యి ఎత్తని వారం లేదు. కానీ చెయ్యి పైకి లేస్తుంటే లోపల ఒక ముల్లు కదిలేది. ఆ ముల్లు పేరు ముత్తక్క.

ముత్తక్కది అడవిలోపల ఇప్పలగుంపు. తారురోడ్డు దిగి, టేకు చెట్ల మధ్య మట్టిబాటన పోతే వస్తుంది. ఫోను పట్టుకుని ఎంత ఎగిరినా అక్కడ సిగ్నలు దొరకదు. అందుకే ఆదాము ఆటోయే ఆ ఊరికి టపా. ఫలానా వాళ్ళ మందులు, ఫలానా వాళ్ళ పెళ్ళి కబురు, ఫలానా వాళ్ళ చావు కబురు అన్నీ అతని నోటనే చేరతాయి. వెళ్ళినప్పుడల్లా ముత్తక్క వాకిట్లో ఆగి నీళ్ళు తాగడం అలవాటు. వట్టి నీళ్ళతో ఏనాడూ పంపలేదు ఆమె. చిక్కుళ్ళు కాసే రోజుల్లో చిక్కుళ్ళు, తేనె తెచ్చిన రోజు తేనె. తమ్ముడు లేని మనిషి, ఆదామును తమ్మీ అని పిలిచేది.

ముక్కూ మొహం తెలియనివాడికి చెప్పడం ఏపాటి? నచ్చితే వింటాడు, లేకుంటే దిగిపోతాడు. తమ్మీ అని పిలిచి చిక్కుళ్ళు ఒళ్ళో పోసే మనిషికి చెప్పి, ఆమె మొహం తిప్పుకుంటే? పైగా ఒకసారి ఎవరో బోధకులు మైకు కట్టుకుని వచ్చి, ఇప్పలగుంపు వాళ్ళు కొలిచే వేల్పును నానా మాటలూ అని పోయారు. ఆ సాయంత్రం ముత్తక్క ఆదాముతో, "నువ్వు గసోంటోనివి గాదు తమ్మీ" అంది. ఆ మాట అతని నోటికి తాళం వేసింది. అందరికీ చెప్పి ఆమెకు చెప్పకపోవడమంటే ఆమెనే అందరికన్నా తక్కువ చేసినట్టు కాదా అని రోజూ తనను తానే తిట్టుకునేవాడు.

ఇప్పపూలు రాలే రోజులు వచ్చాయి. ముత్తక్క కూతురు శ్రావణికి నెలలు నిండాయి. కిందటి కాన్పులో బిడ్డ దక్కలేదు, తల్లి కూడా చావు తప్పి బతికింది. అందుకే ఈసారి నొప్పులు మొదలవగానే ఆదాము ఆటోలో పాల్వంచ దవాఖానాకు చేర్చారు. అల్లుడు జంపయ్య వెంట వెళ్ళాడు. ముత్తక్కకు పోవాలనే ఉంది గాని, ఇంట్లో అత్త మంచాన పడి ఉంది. ఆటో కదిలేటప్పుడు ఆదాము చెయ్యి పట్టుకుని, "ఏ సంగతైనా నువ్వే వచ్చి చెప్పు తమ్మీ" అంది.

మర్నాడు పొద్దున దవాఖానా గేటు దగ్గర జంపయ్య ఎదురొచ్చాడు. నిద్ర లేక మొహం వాచిపోయింది, పళ్ళు మాత్రం ముప్పై రెండూ కనిపిస్తున్నాయి. "ఆడపిల్ల మామా! ఆపరేషన్ జేసిన్రు. తల్లీ పిల్లా మంచిగున్నరు. మా అత్త పానం కొట్టుకుంటుంటది, జల్దీ పోయి చెప్పు."

ఆదాము దేవుడికి స్తోత్రం చెప్పి బండి తీశాడు. చిమ్నీలు వెనకబడి టేకు చెట్లు మొదలయ్యేదాకా అతని ఆనందం ఆనందంగానే ఉంది. ఆ తర్వాత దానిలోకి ఆలోచన దూరింది. ఈ రోజు ముత్తక్క మనసు మెత్తగా ఉంటుంది. చెప్పాల్సిన రోజు ఇదే. ఇంతకన్నా మంచి రోజు మళ్ళీ రాదు. అయితే మనవరాలు పుట్టిందని ముందే చెబితే ఏమవుతుంది? ఆమె లేచి వాడకట్టంతా తిరిగి చెప్పుకుంటుంది, అత్తను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి, పద పద అని ఆటో ఎక్కేస్తుంది, దారి పొడుగునా పిల్ల ఎవరి పోలిక అని అడుగుతుంది. తన మాట ఎవరికి కావాలి? అందుకని పెద్ద మాట ముందు, చిన్న మాట తర్వాత అని నిశ్చయించుకున్నాడు. పావుగంటలో ఏం మునిగిపోతుంది అనుకున్నాడు. తల్లి కడుపులో పావుగంట ఎంత పొడుగో ఆ పెద్దమనిషికి తట్టలేదు.

ముత్తక్క వాకిట్లో ఇప్పపూలు ఎండబోస్తోంది. ఆటో చప్పుడు విని చేట పక్కన పెట్టి లేచింది. ఏమీ అడగలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"నీళ్ళు తర్వాత తాగుతగని, నువ్వు కూసో అక్కా. నీకొక మాట చెప్పాలె."

ముత్తక్క అతని మొహంలోకి చూసి, చెంబు కింద పెట్టి, అరుగు మీద కూర్చుంది.

"ఎన్నాళ్ళనుంచో చెప్పాలనుకుంటున్న. నోరు రాలే" అని మొదలుపెట్టాడు ఆదాము. అడ్డా మీద గలగలా పారే మాట ఇక్కడ తడబడింది. "మనుషుల బతుకు మన చేతిల లేదక్కా. ఇయ్యాల ఉంటం, రేపు ఉండం. కానీ చావుతోనే అంతా అయిపోలేదు."

ముత్తక్క చేతులు ఒళ్ళో ముడుచుకున్నాయి.

ఏ కథ చెబితే ఆమెకు హత్తుకుంటుందా అని వెతుక్కున్నాడు. కూతురున్న తల్లి కదా, కూతురి కథే చెబుదామనుకున్నాడు. "యేసయ్య కాలంల ఒకాయనకు ఒక్కతే బిడ్డ. పానం బాగలేకుండె. ఆయన యేసయ్య కాడికి ఉరికిండు. గంతల ఇంటికాడినుంచి మనిషొచ్చి, నీ బిడ్డ..."

ముత్తక్క నోట్లోంచి వచ్చిన కేకకు మేకలు బెదిరి పరిగెత్తాయి.

ఆ వైపు ఊళ్ళలో చావు కబురు తెచ్చినవాడు గడపలో నిలబడి టక్కున చెప్పడు. ఇచ్చిన నీళ్ళు ముట్టుకోడు. ఇంటివాళ్ళను కూర్చోబెడతాడు. బతుకు ఎవరి చేతిలో ఉంది అంటాడు, ఇంకెవరికో జరిగినట్టు ఒక సంగతి చెబుతాడు. ఆ కాసేపట్లో వినేవాళ్ళు తమంతట తామే తెలుసుకుంటారు. మంచి కబురైతే బాట మలుపు దగ్గర్నుంచే కేక వేస్తారు, ఆటో అయితే ఊరంతా వినేలా హారన్ కొడతారు. ఆదాముకు ఇది తెలియదా? ఎన్ని చావు కబుర్లు అలా చల్లగా చెప్పాడో, ఎన్ని మంచి కబుర్లకు హారన్ కొట్టాడో! ఆ రోజు మాత్రం తన మాట తొందరలో అన్నీ మరిచాడు.

"అక్కా! శ్రావణి మంచిగున్నది! బతికే ఉన్నది!" అని అరిచాడు.

ముత్తక్క గుండెలు బాదుకుంటూనే తల ఊపింది. "అవ్. చావుతోని అయిపోలేదంటివి గదా. మీ దేవుని కాడ బతికే ఉంటది."

"గట్ల గాదక్కా! దవాఖానాల ఉన్నది. ఆడపిల్ల పుట్టింది. నీ మీద ఒట్టు!"

అప్పటికే వాకిలి నిండింది. ఆడవాళ్ళు ముత్తక్కను పట్టుకుని రాగాలు తీస్తున్నారు. ఊరి పెద్ద పగిడయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చి, చావు డోలు దించమని ఎవరికో చెప్పాడు. ఆదాము ఆయన కాళ్ళకు అడ్డం పడ్డాడు. "తాతా, డోలు వద్దు. ఎవరూ సావలే. నేను చెప్పుడు తప్పయింది."

"బిడ్డ బతికుంటే ముందు గదే చెప్తరు గదరా" అన్నాడు పగిడయ్య. "నీళ్ళు ముట్టకుంట, కూసోబెట్టి, చావు ముచ్చట్లు ఎవడు చెప్తడు?"

ఆదాము ఆటో వైపు చెయ్యి చూపాడు. "బండెక్కున్రి. సిగ్నల్ కాడ మాట్లాడిపిస్త. అబద్ధమైతే నన్నక్కడనే చంపున్రి" అన్నాడు.

మంచాన ఉన్న ముసలామెను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి, ముత్తక్కను ఇద్దరు ఆడవాళ్ళు ఎత్తి కూర్చోబెట్టి, తామూ ఎక్కారు. దారి పొడుగునా ఆమె ఏడవలేదు. అది ఇంకా భయం. అద్దంలో ఆమె కళ్ళు కనిపిస్తున్నాయి, అవి అతన్ని చూడటం లేదు. ఏదైనా మాట్లాడితే ఆమె ప్రాణం కొంచెం కుదుటపడుతుందేమో అనిపించింది. నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. తన నోటి మీద తనకే నమ్మకం పోయింది. ప్రభువా ఆ ఫోను ఒక్కటి కలిపించు అని మాత్రం లోపల గింజుకున్నాడు. గతుకు వస్తే బండి ఎగిరేది, అతను వేగం తగ్గించలేదు.

తారురోడ్డు ఎక్కగానే బండి ఆపి ఫోను చేశాడు. మొదటిసారి మోగి ఆగిపోయింది. రెండోసారి జంపయ్య ఎత్తాడు. "శ్రావణికియ్యిరా, జల్దీ" అన్నాడు ఆదాము, ఫోను ముత్తక్క చెవికి ఆనించి.

"అమ్మా" అని ఒక నీరసపు గొంతు. "ఇంక రాలేదేందే? పిల్ల నీ లెక్కనే ఉన్నది."

ముత్తక్క ఫోనును రెండు చేతులతో పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. వెంట వచ్చిన ఆడవాళ్ళు ఏడ్చారు, నవ్వారు, ఆదామును నోటికొచ్చినట్టు తిట్టారు. ఆదాము రోడ్డు పక్కన కుంకుడు చెట్టుకు ఆనుకుని నిలబడ్డాడు.

కాసేపటికి ముత్తక్క కొంగుతో మొహం తుడుచుకుని పిలిచింది. "ఇటురా ఆదామా."

తమ్మీ అనలేదు. అతను దగ్గరికి వెళ్ళాడు.

"నువ్వు మా వాకిట్లకు వచ్చేసరికే ఈ సంగతి నీకు ఎరికేనా?"

"ఎరికేనక్కా."

"మరెందుకు చెప్పలే?"

అబద్ధం ఆడొచ్చు. మరిచిపోయానంటే సరిపోతుంది. కానీ ఆ కళ్ళ ముందు అతనికి అబద్ధం రాలేదు. "చెప్తే నువ్వు లేచిపోతవు, నా మాట ఇనవని."

ముత్తక్క అతన్ని చూసింది. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఉంది ఆ చూపులో.

"మీ దేవుడు గూడ గిట్లనే జేస్తడా? మంచి మాట గుప్పిట్ల పట్టుకొని, ముందు నా మాట ఇను, అయినంక ఇస్తా అంటడా?"

రోడ్డు మీద భద్రాచలం బస్సు పోయింది.

"అనడక్కా" అన్నాడు ఆదాము. "ఆయన గసోంటోడు గాదు. జేసింది నేను."

ముత్తక్క ఆటోలో వెనక్కి ఆనుకుంది. ఫోను ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది.

"గసోంటోడు గాకపోతే, ఆయన సంగతి ఆయనే వచ్చి నాకు చెప్పుకుంటడు" అంది. "నువ్వు బండి నడుపు. నా మనవరాలు ఎదురుచూస్తుంటది."

ఆదాము కిక్కు కొట్టాడు. పాల్వంచ దవాఖానా గేటు వచ్చేదాకా ఆ ఆటోలో ముత్తక్క ఒక్కతే మాట్లాడింది. ఆదాము విన్నాడు.