శెట్టి స్పీకరు

హిందూపురంలో చింతపండు అమ్మే నాగభూషణ శెట్టి వారమంతా తెల్లచొక్కాలోనే ఉంటాడు. ఆదివారం మాత్రం నల్ల టీషర్టు వేస్తాడు, నుదుటి కుంకుమ అట్లే ఉంటుంది. శెట్టీ, ఆయనలాంటి రాక్ పాటల పిచ్చోళ్ళూ ప్రాణంపెట్టే, గిటార్లూ డ్రమ్ములూ మహా జోరుగా వాయించే బెంగళూరు త్రాష్ మెటల్ బ్యాండు కొత్త ఆల్బమ్ తెచ్చినప్పట్నుంచీ అభిమానులు రెండు జట్లయినారు. "ముసిలోళ్ళయిపోయినారన్నా, పాటల్లో వేగమే లేదు" అని పెనుకొండ కిరణ్ అంగట్లోకొచ్చి మరీ తీర్పు చెప్పినాడు. "ఫోన్లో విని చెప్తాండావా? ఈడ కూర్చోప్పా" అని శెట్టి షట్టరు సగం దించి, బస్తాల మీది పెద్ద స్పీకర్లో పాటలు పెట్టినాడు. మెల్లగా మొదలైన మూడో పాటలో డ్రమ్ములు విరుచుకుపడేసరికి తక్కెడ పళ్ళాలు గలగలలాడినాయి. కిరణ్ కళ్ళు మూసుకొని, జుట్టు విదిలిస్తూ ఊగిపోయినాడు. పాటయ్యాక, "ఇంగోసారి పెట్టన్నా" అన్నాడు. శెట్టి మీసం దువ్వుకుంటూ లేచి, షట్టరు పైదాకా ఎత్తి, స్పీకరును బజారు వైపు తిప్పినాడు.