మద్దిలేటి జ్వరానికి పేరు

మద్దిలేటికి తొంభై నాలుగులో జ్వరం మొదలైంది. అప్పటికి అతను హిందూపురంలో పశువుల రోగాలు తేల్చే ఒక చిన్న ల్యాబులో అటెండరు. పెనుకొండ నుంచి ప్యాసింజరు రైల్లో పోయి వచ్చేవాడు.

రొళ్ల, పరిగి వైపు గొర్రెలకు ఈనకముందే కడుపులు పోతుంటే వాటి నెత్తురు సీసాల్లో వచ్చేది. సన్నటి గాజు గొట్టాన్ని నోట్లో పెట్టుకుని, నెత్తురు మీద తేరిన నీటిని గొట్టం మీది గీత దాకా పీల్చి వేరే గొట్టంలోకి వదలాలి. అందరూ అలాగే చేసేవారు. ఒక్కోసారి గీత దాటి నాలుకకు తగిలేది. ఉమ్మేసి, నోరు పుక్కిలించి మళ్లీ కూర్చునేవాడు. చచ్చిపుట్టిన గొర్రెపిల్లలను తెస్తే ఒట్టి చేతులతోనే ఎత్తేవాడు.

జ్వరం సాయంత్రాలు వచ్చేది. కొన్నాళ్లు వేధించి పోయేది, మళ్లీ వచ్చేది. మలేరియా అన్నారు, టైఫాయిడ్ అన్నారు. తర్వాత నడుము పట్టేసింది. సెలవులు ఎక్కువయ్యేసరికి భార్య అంజనమ్మ శెనక్కాయలు ఒలిచే కూలికి పోసాగింది. ఒకరోజు ఆమె తమ్ముడు ఉలిగప్ప వాకిట్లో నిలబడి, అతనికి వినబడేలాగే అన్నాడు:

"బావకు జరం ల్యా, గిరం ల్యాదక్కా. పనంటే ఒళ్లు బరువు."

అంజనమ్మ తలెత్తకుండా వాకిలి ఊడుస్తూ పోయింది. మద్దిలేటి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మొదట్లో ఇలాంటి మాటలకు కోపం వచ్చేది. పోనుపోను అదీ రావడం మానేసింది.

రెండువేల నాలుగులో రాష్ట్రంలోని ల్యాబులన్నీ ఒకే పద్ధతిలో నడవాలని, క్రిములు ల్యాబు దాటకూడదని, పనిచేసేవాళ్లకు అంటకూడదని ధర్మవరంలో శిక్షణ పెట్టారు. ప్రత్యూష అనే డాక్టరు గ్లోవ్సు, నోటికి బదులు వాడే రబ్బరు బుడ్డి, తాళం వేసే బీరువా చూపించింది. గొర్రెల నుంచి మనుషులకు అంటుకునే రోగం గురించి చెప్పింది.

"సాయంత్రాలు జ్వరం, చెమటలు, నడుము నొప్పి. ఏళ్ల తరబడి వస్తూ పోతూ ఉంటుంది."

పక్కనున్న ఆంజనప్ప అతని వైపు చూశాడు. ఇద్దరూ ఒకే ల్యాబు. మద్దిలేటి టీ కప్పు అంచున పాకుతున్న ఈగను చూస్తూ ఉండిపోయాడు. ఆమె చెప్పేవన్నీ వేరే ఎవరికో వచ్చినట్టు అనిపించింది.

అందరి దగ్గరా నెత్తురు తీసుకున్నారు. ఫలితం వచ్చాక ప్రత్యూష అతన్ని మళ్లీ పిలిపించింది.

"ఎన్నాళ్ల నుంచి జ్వరం?"

"పదేండ్లు అయింటుంది మేడం."

"ఎవరికీ చెప్పలేదా?"

"అందరికీ చెప్పినా."

ఆమె చీటీ మీద మందులు రాసిచ్చింది. "మీకు ఆ గొర్రెల రోగమే. మందులతో జ్వరం తగ్గుతుంది. నడుము సంగతి చెప్పలేను."

మద్దిలేటి తల ఊపి రైలెక్కాడు.

ఇంటికొచ్చి అంజనమ్మకు రోగం పేరు చెప్పాడు. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

"అయితే నిజంగా రోగమేనా? నా తమ్ముడు అంత మాటంటే నేనూ ఊరికే ఉంటి. నేనూ అట్లే అనుకుంటి." కొంగు మూతికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఏదో ఒకటి అనాలని అతనికి తెలుసు.

"అన్నం పెట్టు," అన్నాడు. "మాత్రలు తిన్నంక యేసుకోమన్నారు."

ఆ మందులతో జ్వరం పోయింది. నడుము మాత్రం వంగే ఉండిపోయింది. ల్యాబుకు కొత్తగా వచ్చిన స్వప్న ఒకరోజు అడిగింది, "నిజంగా నోటితోనే పీలుస్తాంటిరా అన్నా? భయం కాలేదా?"

"అందరూ పీలుస్తాండ్రి," అని మద్దిలేటి గ్లోవ్సు తొడుక్కున్నాడు.