అరువు వేళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక గిటారు ఉండేది. అది మా మామయ్యది, అంటే మా అమ్మ ఆఖరి తమ్ముడిది. ఆయనకి పెళ్ళి కాలేదు. అనకాపల్లిలో మాతోనే ఉండేవాడు. ఆదివారం చర్చిలో పాటలకి గిటారు వాయించేవాడు, మిగతా ఆరు రోజులూ దొరికిన పని చేసేవాడు. చెరకు కోతలు మొదలైతే బుచ్చయ్యపేట వైపు ఒక గానుగకి పోయేవాడు. రెండు వేలు దాటిన తొలి ఏళ్ళ మాట ఇది. మా వీధిలో అప్పటికింకా క్యాసెట్లే నడుస్తున్నాయి.

ఒక ఏడాది విశాఖలో ఉండే స్నేహితుడొకడు ఆయనకి ఒక క్యాసెట్ ఇచ్చాడు. దాని మీద బాల్‌పెన్నుతో 'లాటిన్ రాక్, పాతవి' అని తప్ప ఇంకేమీ రాసి లేదు. అందులో ఒక పాటకి అసలు మాటలే లేవు. కింద మనకి తెలియని డప్పులేవో మెల్లగా నడుస్తుంటాయి, పైన గిటారు ఒక్కటే మనిషి గొంతులా పాడుతుంది. మామయ్య ఆ పాట వెంట పడ్డాడు. టేప్‌రికార్డర్ ముందు కూర్చుని రెండు క్షణాల ముక్క వినడం, ఆపడం, వెనక్కి తిప్పడం, గిటారు మీద వెతకడం. రోజూ తింటే పాయసమైనా మొహం మొత్తుతుంది కదా, మాకూ అంతే అయింది. సగం పాట చేతికి వచ్చేసరికి గానుగ నుంచి కబురొచ్చింది, వెళ్ళాడు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున, గానుగలో చెరకు గెడలు పెడుతుండగా ఆయన ఎడమ చెయ్యి రోలర్ల మధ్యకి పోయింది. మధ్యవేలు, ఉంగరపు వేలు మొదలంటా పోయాయి. గిటారు మీద తీగలు నొక్కే చెయ్యి అదే.

ఆ తర్వాత మా ఇల్లు ఇల్లులా లేదు. చూడడానికి వచ్చినవాళ్ళందరూ ప్రాణం దక్కింది, అదే పదివేలు అనేవారు. అంటూనే వాళ్ళ కళ్ళు ఆ చేతి మీదకి పోయేవి. మామయ్య చేతికి తువ్వాలు చుట్టుకోవడం అలా మొదలైంది. ఇంట్లో కూడా తీసేవాడు కాదు. చర్చి మానేశాడు. నన్ను తిట్టండి, కొట్టండి గానీ జాలి పడకండి అన్నట్టు ఉండేది ఆయన మొహం. అమ్మ గిటారుని బీరువా మీద పెట్టి పాత చీర కప్పేసింది. ఆయనకి ఇష్టమని నెత్తళ్ళ చేపల పులుసు చేస్తే రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. అమ్మ మోకరించి ప్రార్థన చేసేటప్పుడు పక్కనే ఉండేదాన్ని కాబట్టి నాకు తెలుసు, ఆ ఏడాదంతా ఆమె అడిగింది ఒక్కటే. తమ్ముడు మళ్ళీ ఒక్కసారి నలుగురి మధ్యకి వచ్చి కూర్చోవాలి, అంతే.

అప్పటికి నాకు పదమూడేళ్ళు. వేసవి సెలవుల్లో తోచక, ఎవరూ చూడటం లేదనుకుని ఒక మధ్యాహ్నం స్టూలెక్కి గిటారు దింపాను. విని విని ఆ పాట నాకూ చెవిలో ఉండిపోయింది. మొదటి ముక్క వెతుక్కుంటూ ఉంటే పక్కగదిలోంచి కేక వచ్చింది. "అది కాదే! కింద నించి రెండో తీగ!" నాలుగు నెలల్లో ఆయన గొంతు అంత గట్టిగా వినడం అదే మొదలు.

మర్నాటి నుంచి పాఠం మొదలైంది. నోటితో చెప్పేవాడు, నేను తప్పు వాయించేదాన్ని, ఇద్దరికీ కోపం వచ్చేది. ఒకరోజు విసిగిపోయి వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. గిటారు తన ఒళ్ళోకి లాక్కుని, దాని మెడ నా ముందుకి తోశాడు. "నువ్వు నొక్కు. నేను మీటుతాను." ఆయన చెప్పిన చోటల్లా నా ఎడమ చేతి వేళ్ళు నొక్కాయి, ఆయన కుడి చెయ్యి మీటింది. నా ఒక్కదాని చేతుల్లో టకటకలాడిన తీగలు ఒక్కసారిగా పాడాయి. అమ్మ వంటింట్లోంచి పిండి చేతులతో గుమ్మం దాకా వచ్చి, మమ్మల్ని చూసి వెనక్కి పోయింది. లోపల ముక్కు చీదుతున్న చప్పుడు వినిపించింది.

అక్టోబరుకి పాట మొత్తం వచ్చేసింది. ఒక చోట ఒకే స్వరాన్ని చాలాసేపు నిలపాలి. వేలు మండిపోయి నేను ముందే వదిలేస్తే మామయ్య మళ్ళీ మొదటికి తీసుకెళ్ళేవాడు. అలా నా వేళ్ళకి కాయలు కాశాయి. ఆయన బజారు మీదకి వెళ్ళినప్పుడు నేను రెండు చేతులతో ఒంటరిగా కూడా సాధన చేసేదాన్ని. అది మాత్రం ఆయనకి చెప్పలేదు.

డిసెంబరు మొదట్లో, అసలు పండక్కి ముందే, మా చర్చిలో సెమీ క్రిస్మస్ జరిగేది. పిల్లల డాన్సులు, పాటలు, కేకు, చివర్లో భోజనాలు. అందులో మేమిద్దరం వాయించాలని అమ్మ పట్టుబట్టింది. పాస్టరుగారు సినిమా పాటేమోనని అనుమానపడ్డారు. మాటల్లేవని తెలిసి, "అయితే దేవుడికే ఇచ్చేద్దాం లెండి" అని నవ్వారు. మామయ్య ఒప్పుకుంటాడని నేననుకోలేదు గానీ ఒప్పుకున్నాడు. రోజులు దగ్గరపడేకొద్దీ అమ్మకి కాలు నిలవలేదు. ఆయనకి తెల్లచొక్కా కొంది, రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

ఈలోగా సండేస్కూలు పిల్లలకి సంగతి తెలిసిపోయింది. కిటికీలోంచి తొంగి చూశారో ఏమో, నాకు 'అరువు వేళ్ళు' అని పేరు పెట్టారు. నేను వెళ్తుంటే ఇద్దరు ఒక గిటారు పట్టుకున్నట్టు మూతులు వంకరపెట్టి నటించేవారు. పదమూడేళ్ళ వయసులో మనిషికి పరువు కంటే పెద్ద ఆస్తి లేదు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఎవరి మీద చూపించాలో తెలియక మామయ్య మీద చూపించాను.

ఆ సాయంత్రం చర్చి పక్క గదిలో మా వంతు కోసం కూర్చున్నాం. ఆయన తెల్లచొక్కా చేతులు మడిచాడు. తువ్వాలు తెచ్చుకోలేదు. రెండు వేళ్ళు లేని ఆ చేతిని మోకాలి మీద మామూలుగా పెట్టుకున్నాడు. పది నెలల్లో బయట అలా కూర్చోవడం అదే మొదటిసారని చూశాను. చూసి కూడా అన్నాను. "మావయ్యా, నేనొక్కర్తినే వాయిత్తాను. నాకు రెండు సేతుల్తోటీ వచ్చు. నువ్వు వద్దు."

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను చెప్పకపోయినా ఆయనకి అర్థమైంది. గిటారు తీసి శ్రుతి సరిచూసి నా చేతికిచ్చాడు. "గాబరా పడకు. బాగా వాయించు" అని, చెయ్యి జేబులో పెట్టుకుని వెనక వరసలోకి వెళ్ళిపోయాడు.

పాస్టరుగారు మైకులో మా ఇద్దరినీ పిలిచారు. నేనొక్కదాన్నే వెళ్ళేసరికి జనం అటూ ఇటూ చూశారు. ముందు వరసలో అమ్మ మొహం పాలిపోయింది. "మీ మామయ్యేడమ్మా?" అని పాస్టరుగారు నన్నే అడిగారు. నేను గిటారు వైపే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు వెనక నుంచి మామయ్య లేచి నిలబడ్డాడు. "నాకే భయమేసిందండి. అందరి ముందుకీ రాలేను. పిల్ల ఒక్కర్తే వాయిత్తాది" అన్నాడు.

చర్చి మొత్తం అయ్యో అంది. ఎవరి జాలి నుంచి పది నెలలు దాక్కున్నాడో ఆ జాలంతా ఒకేసారి ఆయన మీద పడింది. నా కోసం నిలబడి పడనిచ్చాడు. నేను వాయించాను. ఎక్కడ వేలు పెట్టానో గుర్తు లేదు, చప్పట్లు మాత్రం గుర్తున్నాయి. అంత చేదు చప్పట్లు నాకు మళ్ళీ తగల్లేదు.

ఇంటికొచ్చాక అమ్మ ఎన్నడూ అననివి అంది. "ఇంత సేసేక ఆకరికి పిరికోడివైపోయేవేట్రా! పిల్లనొగ్గేసి దాక్కుంటావా!" ఆయన తల దించుకుని విన్నాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఒక్క మాట చెబితే చాలు. ఆయన నా వైపు చూసి, వద్దన్నట్టు తలూపాడు. నేను మంచం మీదకి వెళ్ళి దుప్పటి కప్పుకున్నాను.

మామయ్య మళ్ళీ గిటారు పక్కకి రాలేదు. సబ్బవరంలో ఒక గోడౌనుకి కాపలాకి కుదిరి అక్కడే ఉండిపోయాడు. మరో ఆరేళ్ళు బతికాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా నాతో మామూలుగానే మాట్లాడేవాడు, నా చదువు గురించి అడిగేవాడు. వచ్చిన ప్రతిసారీ ఈసారి క్షమించమని అడగాలనుకునేదాన్ని. వచ్చేసారి చూద్దాంలే అనుకునేదాన్ని. కామెర్లు ముదిరి వారం రోజుల్లో పోయాడు.

నా కూతురికి ఇప్పుడు పదమూడేళ్ళు. ఎవరైనా ధైర్యం కూడగట్టుకుని నలుగురిలోకి వచ్చినప్పుడు, అది ఎంత చిన్న ధైర్యమైనా, నేను పక్కకి జరిగి చోటిస్తాను. నా మాటతో వాళ్ళు వెనక్కి పోకూడదని జాగ్రత్తపడతాను. నేర్చుకున్నది అంతే. నేర్పిన మనిషికి మాత్రం అది అక్కరకు రాలేదు.

అమ్మకి వయసైపోయింది. మామయ్య మాట వస్తే ఇప్పటికీ ఆ సెమీ క్రిస్మస్ దగ్గరే ఆగుతుంది. పోయిన ఆదివారం కూడా అంది. "ఆ వేళ ఆడు కూసింత ధైర్యం సేసుంటే బాగుపడిపోయేవోడే."

"అవునమ్మా" అన్నాను.