హాలు మధ్యలో గుండు

తలనిండా జుట్టున్నా ఆయన్ని అందరూ గుండు మాస్టారనే పిలిచేవాళ్ళు. పిడి ఉన్న ఇనప గుండు, అదే కెటిల్‌బెల్, ఎవరికీ తెలియని రోజుల్లో ఒక్క రేకుల షెడ్డుతో మొదలుపెట్టి, టైలర్ల చేత, టీచర్ల చేత, చివరికి డాక్టర్ల చేత కూడా దాన్ని ఎత్తించిన ఘనుడు. "నడుము వంచారో చంపేస్తాను! తుంటి వెనక్కి!" అని ఆయన అరిస్తే వీధి చివరిదాకా వినబడేది. ఎత్తిన గుండును దాని చోట పెట్టకపోతే ఎంతటివాణ్ణయినా కడిగేసేవాడు.

ఇంట్లో మాత్రం, పొద్దున్నే తన సాధన కాగానే ఇరవై నాలుగు కిలోల గుండును హాలు మధ్యలోనే వదిలేసి స్నానానికి పోయేవాడు. ఊడ్చేటప్పుడు భార్యే వంగి దాన్ని పక్కకు పెట్టేది. "కాస్త మూలకు పెట్టకూడదూ?" అని ఆవిడ ఒకసారి అడిగితే, "కళ్ళెదురుగా ఉంటేనే బద్ధకం రాదు" అన్నాడు. అలా ఇరవయ్యేళ్ళు గడిచాయి. ఆవిడ దాన్ని ఎలా ఎత్తుతోందో ఆయన ఒక్కనాడూ చూడలేదు.

ఇప్పుడావిడ మంచం దిగాలంటే ఒకరు పట్టుకోవాలి. ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ ఒకప్పుడు మాస్టారి శిష్యురాలే. బరువులేమైనా ఎత్తేవారా అని అడిగితే ఆవిడ గుండు సంగతి చెప్పింది.

"అయ్యో, మాస్టారి ఇంట్లో ఉండి, నడుము వంచి ఎత్తకూడదని మీకు తెలీదా అమ్మా?"

మాస్టారు తల దించుకున్నాడు. ఆయన ఒక్క మాటైనా చెప్పి ఉంటే కదా!

"ఈయన రోజూ మొత్తుకునేవారమ్మా," అంది భార్య. "నేనే వినిపించుకోలేదు."